ఎక్కువ పట్టిన తవ్వ

నేను ఒక ఇత్తడి తవ్వను. తవ్వంటే ఏమిటని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి చెబుతున్నాను, గింజలు కొలిచే గిన్నెను. ప్రస్తుతం నా కాపురం ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ఇనప బీరువా కింది అరలో. మెడకు దారం, దారానికి అట్టముక్క, దాని మీద నంబరు. పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాద నాకెవరూ చెయ్యలేదు.

నన్ను చేయించింది గెడ్డవలస సంతలో ఉలవలు, పెసలు, చోళ్ళు అమ్మే పోలమ్మ. కంచరి పని ముగించి చేతికిస్తే ఆవిడ తీసుకోలేదు. "అడుక్కి ఇంకో రెండు దెబ్బలెయ్యి బావూ. నాలుగు గింజలెక్కువెల్తే ఎల్నీ గానీ, ఒకల ఉసురు మనకొద్దు" అంది. ఆ రెండు దెబ్బలకూ నా అడుగు కాస్త బయటికి సాగింది. అలాంటి కోరిక కోరిన వ్యాపారిని అంతవరకు చూడని కంచరి నవ్వి ఊరుకున్నాడు.

పోలమ్మ పోయాక కోడలు సన్యాసమ్మ చేతికొచ్చాను. ముప్పై ఏళ్ళు, ప్రతి లక్ష్మివారం, ఊరి నడిబొడ్డున ఆ సంతలోనే నా బతుకు. మొదటి తవ్వ పోసేటప్పుడు ఆవిడ ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. ఆ తర్వాతే రెండు, మూడు. చివర్న గుప్పెడు కొసరు. కొలిచిన గింజల గురించి కిక్కురుమనని జనం, ఊరికే వచ్చే ఆ కొసరు చాల్లేదని మాత్రం పోట్లాడేవారు. మనుషుల తీరే అంత!

ఇంతలో పిడుగులాంటి కబురొచ్చింది. సంత జరిగే స్థలాన్ని పంచాయతీ ఒక పట్నం కంపెనీకి ఇస్తోందట. అక్కడ అద్దాల తలుపులతో, ఏసీతో పెద్ద సూపర్‌మార్కెట్ కడతారట. సంతను శ్మశానం దాటాక ఉన్న బీడులోకి తోసేస్తారట. సన్యాసమ్మకు మోకాళ్ళ నొప్పులు. గింజల మూట నెత్తిన పెట్టుకుని అంతదూరం నడవడం ఆవిడ వల్ల కాదు. సంత కదిలితే ఆవిడ బేరం ముగిసినట్టే.

సంతవాళ్ళంతా తిరగబడ్డారు. గ్రామసభలో కంపెనీ మనిషి మైకు పట్టుకుని, "మా దగ్గర ఒక్క గ్రాము తేడా రాదండీ. ఈ సంత కొలతలకు నమ్మకం ఏముంది?" అన్నాడు. సన్యాసమ్మ దిగ్గున లేచింది.

"ఏటి బాబూ, మాది దొంగ కొలతా? ఆ కొలతల ఆపీసరునే తెప్పించండి. అందరెదురుగా కొలిపించండి. తేడా వొచ్చిందా, నానే మూట కట్టుకెలిపోతాను!"

సభంతా చప్పట్లు. ఆవిడ చంకలోని సంచిలో ఉన్న నేను మాత్రం హడలిపోయాను. నా కడుపు సంగతి నాకు తెలియదా!

మరుసటి లక్ష్మివారం తూనికలు కొలతల అధికారి వచ్చాడు. నెమ్మదస్తుడే. తవ్వంటే లీటరని సంతలో లెక్క కాబట్టి, తన లీటరు పాత్ర నిండా నీళ్ళు తీసి నాలో పోశాడు. నీళ్ళు నా అంచుకు వేలి మందం కిందే ఆగిపోయాయి.

"ఇది ఎక్కువ పడుతోందమ్మా."

సన్యాసమ్మ మొహం విప్పారింది. "సూసినారా! మరేటనుకున్నారు మా తవ్వంటే!"

"ఎక్కువైనా తప్పేనమ్మా. పైగా సర్కారు ముద్ర లేదు. జప్తు చెయ్యాలి."

"ఎక్కువ పోసినా తప్పేటి నాయినా?" అని చిన్నపిల్లలా అడిగింది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. అప్పటికే నన్ను సంచిలో వేసేశారు.

తర్వాతి కథంతా గుమాస్తాలు టీ తాగుతూ చెప్పుకుంటుంటే విన్నాను. ఎక్కువ కొలిచినందుకు తవ్వను పట్టుకుపోయారని ఊరు భగ్గుమందట. ఏసీ అంటే ముచ్చటపడ్డవాళ్ళు కూడా వచ్చి రోడ్డుకడ్డంగా కూర్చున్నారట. నెల తిరక్కుండా సర్పంచి తీర్మానం వెనక్కి తీసుకున్నాడు. సంత ఉన్నచోటే ఉంది. సన్యాసమ్మ ఇప్పుడు కరెంటు కాటా మీద తూస్తోందట. ఈ బీరువాలో నా ఇరుగుపొరుగు తక్కువ తూగి పట్టుబడ్డ తూకపు రాళ్ళు. వాటితో నాకు మాటల్లేవు. గింజ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. ఒంటరితనం ఇంత బరువుంటుందని నాకు తెలియదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు సన్యాసమ్మ వచ్చింది. "నా తవ్వ నాకిచ్చీండి బావూ" అంది.

"ఇస్తాను మామ్మా. మళ్ళీ కొలవడానికి పనికిరాకుండా అడుగున చిల్లు పెట్టి ఇవ్వాలి. రూలు" అన్నాడు గుమాస్తా.

ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది. కొంగుతో లోపలంతా తుడిచింది. "మా అత్త సేయించింది. సిల్లెట్టించి తీసుకెల్తే, రేపు పైకెల్లాక ఆవిడకేటి సెప్పను? వద్దులే బావూ, ఇక్కడే బాగుంటాది" అని నన్ను బల్ల మీద పెట్టేసి, వెనక్కి తిరిగింది.

చిల్లు పెట్టించవే అమ్మా, పది చిల్లులు పెట్టించు, నన్ను ఇంటికి తీసుకుపో! అని అరవాలనిపించింది. ఆవిడ అప్పటికే గుమ్మం దాటిపోయింది.

"పాపం, గిన్నె మీద ఎంత ప్రేమో ముసలామెకి" అన్నాడు గుమాస్తా, నన్ను అరలోకి తోసి తలుపు వేస్తూ.