ఇంటి భాషలో వచ్చిన మాట

పురుగుమందు కొట్టిన తడి ఆరకముందే ఆడవాళ్ళని గులాబీ షెడ్డులోకి తోలాడు సూపర్‌వైజరు గిచూకి. "పూలు రాత్రికి విమానం ఎక్కాలి, నడవండే!" కాసేపటికే నెకేసా నురగలు కక్కుతూ కూలిపోయింది. ఆమెను బయటికి మోసుకొచ్చినవాళ్ళు అపియో, వంగేచి. అపియోది లువో జాతి, వంగేచిది కికుయు. ఏళ్ళ తరబడి ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు.

ఆ మధ్యాహ్నమే క్యాంటీను వెనక అందరూ చేరారు. "మందు ఆరేదాకా లోపల అడుగుపెట్టేది లేదు. రేప్పొద్దున గేటు దగ్గరే కూర్చుందాం, అందరం," అంది అపియో. సరేనంటూ చేతులన్నీ లేచాయి.

ఆ తోట కార్మికులకో కట్టుబాటుంది. నలుగురు చేరినచోట అందరికీ వచ్చిన స్వాహిలీయే మాట్లాడాలి, ఎవరి భాష వాళ్ళ ఇంట్లోనే. ఫోనులో కార్మికుల గ్రూపుకీ అదే నియమం. కానీ ప్రతి ఫోనులోనూ ఇంటి భాష గ్రూపు మరోటి ఉంటుంది. ఎన్నికలు దగ్గరపడితే అసలు మాటలన్నీ అందులోనే.

సాయంత్రం వంగేచి ఫోనులో, ఇంటి భాష గ్రూపులో ఒక గొంతు మోగింది. కమ్మని కికుయు, పెద్దమనిషి గొంతు. "అక్కచెల్లెళ్ళారా, ఈ గొడవ మందు కోసం కాదు. ఎన్నికల్లోపు మనల్ని ఇక్కణ్ణించి తరిమెయ్యాలని లువోల ఎత్తు. పక్కపేటలో మనవాళ్ళ ఇళ్ళు అప్పుడే తగలబెట్టారు!"

చిన్నప్పుడు ఒక ఎన్నికల ఏడు జాతుల గొడవల్లో వంగేచి ఇల్లు కాలిపోయింది. ఆ భయం ఒక్కసారిగా లేచింది. పక్కపేట ఎంతో దూరం లేదు, వీధి చివరికెళ్తే కనబడుతుంది. వెళ్ళలేదు. పైగా తన గొంతూ కలిపి పంపింది: "అపియో సంగతి నాకు తెలుసు. నమ్మకండి." పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. తెల్లారేలోపు పేటలన్నిటా ఆమె మాటే.

పొద్దున సగంమంది తలలు దించుకుని షెడ్డులోకి పోయారు. వంగేచీ పోయింది. గేటు దగ్గర మిగిలినవాళ్ళని పోలీసులు చావబాదారు. జాతుల మధ్య చిచ్చుపెడుతోందని అపియోని జీపెక్కించారు. పెట్టిందెవరు, పట్టుకుపోయిందెవర్ని!

గిచూకి దగ్గరికొచ్చి పళ్ళికిలించాడు. "ఫోనులో మా బావ గొంతు బాగుంది కదూ? అయినా నీ మాటకే జనం పనిలోకొచ్చారమ్మాయ్. మనవాళ్ళంటే నువ్వే!"

వంగేచి చేతిలోని కత్తెర పారేసి పక్కపేటకి పరిగెత్తింది. ఇళ్ళన్నీ ఉన్నాయి. దండేల మీద బట్టలు ఆరుతున్నాయి. అక్కడే రోడ్డు మీద కూలబడి తల బాదుకుంది.

సాయంత్రం క్యాంటీను వెనక నిలబడి స్వాహిలీలో చెప్పింది. "అపియోని నమ్మొద్దన్న గొంతు నాదే. చూడకుండా అన్నాను. అంతా అబద్ధం."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే సరా?" అరిచింది ఒక లువో పిల్ల. "మా అక్క చెయ్యి విరిచారే!"

"నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అంటూ ఒక కికుయు ముసలామె గొణిగింది.

"పొగ ఎక్కడుందే ముసల్దానా, వెళ్ళి చూసిరా!" ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన నెకేసా దగ్గుతూ లేచింది. "నేను మీ రెండు జాతులూ కాదు, లుహ్యాని. మందు నా జాతి అడిగి లోపలికి పోయిందా? అది చెప్పింది, మీరు విన్నారు, పనిలోకి పోయారు. దీన్నొక్కదాన్నే తిట్టి మీరు కడుక్కుంటారా?"

సిగ్గు అందరిదీ.

మర్నాడు అందరూ షెడ్డుకి కాక పోలీసు స్టేషనుకి నడిచారు. వంగేచి ముందుకెళ్ళింది. "చిచ్చు పెట్టింది నేను. అపియోని వదిలి నన్ను లోపలెయ్యండి."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "నీమీద కేసేంటమ్మా? నువ్వు మాకు మేలే చేశావు. పో, పని చూసుకో."

లాఠీదెబ్బ తిన్నా అంత నొప్పి ఉండేది కాదు. వంగేచి గుమ్మంలోనే భోరుమంది.

"ఎవత్తే ఆ ఏడ్చేది?" లోపల్నించి అపియో గొంతు. "వంగేచేనా? ఏడుపాపి చెప్పు, ఇవాళ షెడ్డులో ఎవరున్నారు?"

"ఎవ్వరూ లేరు!" వెనకున్న జనమంతా ఒక్కసారే అరిచారు. "అందరం ఇక్కడే ఉన్నాం!"



"నీ సంగతి తర్వాత చూస్తా వంగేచీ," అంది అపియో. "ముందు అందర్నీ కూర్చోమను."

పోలీసులు లాఠీలు తీశారు. జనం కూర్చున్నారు.