తెలియజేయువారు

ఆ శనివారం కోసం ఓర్నెల్లా ఒక గళ్ళ కాగితం తీసుకుంది. ముప్పయ్యారేళ్ళు పిల్లలకు రేఖాగణితం చెప్పిన చెయ్యి అది. గీత తిన్నగా లేకపోతే మనసు నిలవదు. తొమ్మిదిన్నరకు గుబ్బియో చేరడం. పదింటికి కాఫీ. పది ముప్పావు నుంచి మెట్ల వీధులు, తొందర లేకుండా. పన్నెండింటికి 'పిచ్చివాళ్ళ ఫౌంటెన్' పక్కనున్న కాఫీ బార్. ఒంటిగంటకు భోజనం. ఐదింటికి తిరుగు ప్రయాణం. అన్నిటికీ పైన పెద్ద అక్షరాలతో రాసింది: విశ్రాంతిగా ఒక రోజు.

బల్లకు అవతల కూర్చున్న ఎల్వియో ఆ కాగితాన్ని తలకిందులుగానే చదివాడు. ఫానో రేవులో నలభై ఏళ్ళు పడవల ఇంజన్లు బాగుచేసినవాడు. ఇంజనుకు ఎక్కడ బాధగా ఉందో చప్పుడును బట్టి చెబుతాడు. భార్య విషయంలోనూ అంతే.

"విశ్రాంతికి టైంటేబుల్ వేసిన మనిషిని నిన్నే చూశాను," అన్నాడు. "పది ముప్పావు నుంచి తొందర లేకుండా, అట. మరి పది నలభైకి తొందరపడొచ్చా?"

"రాసి పెట్టకపోతే నువ్వు మొదటి వైన్ కొట్టు దగ్గరే ఆగిపోతావు."

"అన్నిటి పక్కనా 'వీలునుబట్టి' అని రాశావు. పన్నెండింటి బార్ కింద మాత్రం రెండు గీతలు కొట్టావు. అక్కడి కాఫీ అంత బాగుంటుందా?"

"బాగానే ఉంటుంది."

"మీ అన్నయ్య ఇప్పటికీ పన్నెండింటికి అక్కడే కూర్చుంటాడా?"

ఓర్నెల్లా పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. అదే జవాబు.

"నేనేం అతని కోసం వెళ్ళడం లేదు," అంది. "పుట్టిన ఊరు చూడ్డానికి వెళ్తున్నాం. ఉంటే ఉంటాడు."

"ఉంటే ఏమంటావు?"

"'ఏం అన్నయ్యా, ఇక్కడున్నావా' అంటాను."

"పదకొండేళ్ళ తర్వాత అదా అనే మాట?"

"అంతకంటే పెద్దది పట్టుకెళ్తే మొయ్యలేను, ఎల్వియో."

 ఎల్వియో కాగితం తన వైపు తిప్పుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పదకొండేళ్ళ కిందట వాళ్ళ అమ్మ మే పద్నాలుగున పోయింది. పదిహేనున గుబ్బియోలో స్తంభాల పరుగు. మూడు నిలువుల ఎత్తు కొయ్య స్తంభం మీద పునీతుడి బొమ్మను నిలబెట్టి, భుజాల మీద మోస్తూ ఊరంతా తిరిగి కొండ మీదికి పరిగెత్తాలి. అమ్మ శవపెట్టెలో పడుకుని ఉంది. అన్న గ్వెర్రీనో నీలం చొక్కా తొడుక్కుని, మెడకు ఎర్రగుడ్డ కట్టుకుని, పునీత జోర్జో స్తంభం కింద భుజం పెట్టడానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం భుజం తోలు లేచిపోయి ఇంటికొచ్చిన అన్నతో ఓర్నెల్లా ఒకే మాట అంది: "అమ్మ కంటే నీకా కొయ్యే బరువైపోయిందా?"  మర్నాడు అమ్మను పూడ్చి వచ్చారు. ఆ క్రిస్మస్‌కు ఆమె ఫోన్ చెయ్యలేదు, అతనూ చెయ్యలేదు. మౌనం మొదట ఒకరిదే అయి ఉండవచ్చు. ఏడాది గడిచేసరికి ఇద్దరిదీ అవుతుంది, ఏ ఒక్కరూ దాన్ని తమంతట తాము వెనక్కి తీసుకోలేరు.

ఈ వేసవిలో ఒకనాడు ఎల్వియో చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉండగా ఓర్నెల్లా చెయ్యి ఆగిపోయింది. ఆనాటి సాయంత్రం అన్న నీలం చొక్కా చేతుల మీద, అంత చెమటలోనూ, రెండు మడత గీతలు కనిపించాయి. చేతికి రెండు గీతలు తీసే అలవాటు ఆ ఇంట్లో అమ్మకొక్కతెకే. అంటే చనిపోవడానికి ఒకటి రెండు రోజుల ముందే ఆవిడ లేచి, కొడుకు పరుగు చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. ఆ గీతల్ని ఓర్నెల్లా అప్పుడే చూసింది. చూడటానికీ గ్రహించడానికీ మధ్య పదకొండేళ్ళు గడిచాయి.

ఆ మాట అన్నకు చెప్పాలి. ఫోనులో కాదు, ఉత్తరంలో కాదు. అనుకోకుండా ఎదురుపడినట్టు, కాఫీ కప్పుల మధ్య. అందుకే ఆ గళ్ళ కాగితం.

శనివారం అంతా కాగితం చెప్పినట్టే నడిచింది. అక్టోబరు ఎండ పల్చగా ఉంది. కొండ దారిలో ఎల్వియో రెండుసార్లే బండి ఆపాడు. పదీ అయిదుకు కాఫీ తాగారు. పది ముప్పావుకు, తొందర లేకుండా, సాన్ మార్తీనో పేట వైపు దిగారు. అక్కడ వాగు పక్క గోడ మీద మరణ ప్రకటనలు అంటించే పలక ఉంది. గుబ్బియోలో పుట్టినవాళ్ళు పేపరు చదవకుండా ఉండగలరేమో గానీ ఆ పలక చదవకుండా ముందుకు నడవలేరు.

"కానివ్వు, నీ క్లాసువాళ్ళ హాజరు తీసుకో," అన్నాడు ఎల్వియో. "నేనిక్కడ కూర్చుంటా."

మొదటి కాగితం మీద ఎవరో తొంభై రెండేళ్ళ ముసలావిడ. రెండోది తెలియని పేరు. మూడోది నెల ప్రార్థన ప్రకటన; ఓర్నెల్లా అలవాటుగా పైనుంచి చదువుకుంటూ వచ్చింది.

*గ్వెర్రీనో రొగారి. వయసు డెబ్భై ఒకటి. ఆత్మశాంతికై ముప్పయ్యవ రోజు పూజ, ఆదివారం పదకొండు గంటలకు. ప్రేమతో తెలియజేయువారు: భార్య నాదియా, చెల్లెలు ఓర్నెల్లా, ఆమె భర్త ఎల్వియో.*

మొదట ఆమెకు తట్టింది తన పేరులో అక్షరాలు సరిగానే ఉన్నాయని. తర్వాత, పాఠం సరిగా రాని పిల్లలా, మళ్ళీ మొదటినుంచి చదివింది. రొగారి. డెబ్భై ఒకటి. ఇంకో గ్వెర్రీనో ఉండవచ్చు. ఇంకో నాదియా కూడా ఉండవచ్చు. ఇంకో ఓర్నెల్లాకు ఇంకో ఎల్వియో భర్తగా ఉండటం మాత్రం ఎంత లెక్క వేసినా కుదరలేదు. నల్లటి అంచు లోపల ఆమె నిలబడి అందరికీ కబురు చెబుతోంది. అంచు బయట నిలబడి అదే కబురు వింటోంది.

ఎల్వియో లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చదివాడు. చివరి పేరు మీద వేలు పెట్టాడు.

"నేనెప్పుడు తెలియజేశాను?" అన్నాడు.

కాగితం అడుగున అంత్యక్రియల కొట్టు గుర్తు ఉంది. ఫోస్కో కొట్టు, వంతెన దాటితే అదే. ఫోస్కో గ్వెర్రీనో ఈడువాడు, చిన్నప్పుడు ఆ ఇంట్లో సగం భోజనాలు చేసినవాడు. వీళ్ళను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"రా చెల్లెమ్మా. పూజ రేపైతే ఇవాళే వచ్చావు, మంచి పని చేశావు. నాదియా పైకి అనదు గానీ..."

"ఫోస్కో, మా అన్నయ్య ఎప్పుడు పోయాడు?"

ఫోస్కో ఆమె వంక, తర్వాత ఎల్వియో వంక చూశాడు. ఇది వేళాకోళం అయివుంటే బాగుండునన్నట్టు ఎల్వియో ముఖంలో వెతికాడు.

"అదేం ప్రశ్న?"

"ఎప్పుడు?"

"సెప్టెంబరు ఇరవై రెండున. పుట్టగొడుగులకని పొద్దున్నే కొండెక్కాడు. గుండె ఆగింది. నీకు తెలుసు కదా."

"అయిదు నిమిషాల కింద తెలిసింది. నీ గోడ మీద."

ఫోస్కో కూర్చున్నాడు. చాలాసేపు బల్ల మీది కాగితాల అంచులు సరిచేస్తూ ఉండిపోయాడు, సరిగ్గా ఉన్నవాటినే.

"నీ పేరు ఉంది కదమ్మా," అన్నాడు చివరికి.

"ఎవరు పెట్టారు?"

"నేనే. నాదియా ఆ రోజు మాట్లాడే స్థితిలో లేదు. కాగితం మధ్యాహ్నానికల్లా గోడ మీద ఉండాలి. మీ అమ్మ అప్పటి ఫైలు తీశాను. కుటుంబం అదే కదా. అమ్మ పేరు తీసి వాడి పేరు పైన పెట్టాను. భార్య, చెల్లెలు, చెల్లెలి భర్త. ఎప్పుడూ ఇలాగే చేస్తాం. నాదియా నీకు చెప్పే ఉంటుందనుకున్నాను. చెల్లెలికి చెప్పకుండా ఎవరుంటారు?"

"నాదియా ఏమనుకుంది?"

"నేను నిన్ను అడిగే వేశాననుకుని ఉంటుంది. మనిషిని అడక్కుండా పేరు వెయ్యరు కదా."

"ఊళ్ళో వాళ్ళు? నా నంబరు పది మంది దగ్గర ఉంది."

ఫోస్కో తల ఎత్తలేదు. "అందరూ చదివారు, చెల్లెమ్మా. చదివాక నీకెవరు ఫోన్ చేస్తారు? చావు కబురు చెప్పినవాళ్ళకే చావు కబురు ఎవరు చెబుతారు?"

ఓర్నెల్లాకు అతని మీద కోపం రావాల్సింది. ఆ కోపం కోసం ఎదురు చూసింది కూడా. రాలేదు. తను పదకొండేళ్ళు ఖాళీగా ఉంచిన చోట ఇతను తన పేరు నింపాడు. తప్పు అతనిదే, ఖాళీ మాత్రం తనదే.

"నేను నాదియాకు ఫోన్ చేసి చెబుతాను," అన్నాడు ఫోస్కో. "నాదే పొరపాటని."

"ఆగు. నేను వెళ్తున్నాను. నేను చెప్పమనే దాకా చెప్పకు."

మెట్లు ఎక్కుతుండగా పన్నెండు కొట్టింది. ఎల్వియో చెయ్యి అలవాటుగా చొక్కా జేబు దాకా వెళ్ళి, కాగితాన్ని ముట్టుకోకుండానే కిందికి వచ్చేసింది. ఫౌంటెన్ పక్కన బార్ ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. ఇద్దరూ అటు చూడకుండా దాటారు.

తలుపు నాదియా తీసింది. చిక్కిపోయింది, తలకు రంగు వెయ్యడం మానేసింది. పదకొండేళ్ళు మాటల్లేని ఆడపడుచును చూసి ఆశ్చర్యపోలేదు.

"పేరు ముందొచ్చింది. మనిషివి నెలకొచ్చావు," అంది. "లోపలికి రండి. తలుపు దగ్గర ఏడిస్తే పక్కింటావిడకు పండగ."

వంటింట్లో గ్వెర్రీనో కుర్చీ మీద దిండు ఇంకా అలాగే ఉంది. ఎల్వియో దానికి దూరంగా నిలబడ్డాడు. ఓర్నెల్లా దారంతా ఒక వాక్యం కూర్చుకుంది: వదినా, నాకు తెలియదు, ఆ పేరు పెట్టింది నేను కాదు. గీతలా తిన్నని వాక్యం. దాన్ని అనడానికి నోరు తెరిచేలోగా నాదియా మాట్లాడింది.

"నీ మీద చాలా కోపంగా ఉంది. మొహమాటం లేకుండా చెబుతున్నా. కానీ ముందు ఒక మాట. ఆ రోజు నన్ను పట్టుకుని తీసుకెళ్ళి గోడ మీద కాగితం చూపించారు. నాకు వాడి పేరు కనబడలేదు, ఓర్నెల్లా. నీ పేరు కనబడింది. ఓహో, ఫోస్కో అడిగితే సరేనంది, అంటే మనసు కరిగింది అనుకున్నా. ప్రతి మే నెలలో కొండ దిగి వచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని అనేవాడు, 'ఈ ఏడూ అది ఫోన్ చెయ్యలేదు' అని. నువ్వే చెయ్యొచ్చు కదరా మగడా అంటే, 'మాట అన్నది అది, విన్నది నేను' అనేవాడు. మొండి ఘటాలు, ఇద్దరూ."

ఆవిడ గ్లాసులు తీసి బల్ల మీద పెట్టింది. 

"ఫోస్కో దగ్గర ఇంకో కాగితం అడిగి తీసుకున్నా. నాలుగు మడతలు పెట్టి, పెట్టె మూసేముందు వాడి కోటు లోపలి జేబులో పెట్టా. 'ఇదిగో చూడు, మీ చెల్లెలు పేరు రాసింది' అని చెవిలో చెప్పా. ఈ నెల రోజులూ ఆ ఒక్కటే నాకు ఊరట. మిగిలిందంతా సరిగ్గా చెయ్యలేదేమో, ఆ ఒక్కటి చేశాను."

 ఓర్నెల్లా నోట్లోని వాక్యం ఇంకా నిజమే. దానిలో ఒక్క అక్షరం కూడా మారలేదు. కానీ ఇప్పుడది భూమిలో ఉన్న మనిషి జేబులోకి చెయ్యి పెట్టి కాగితం లాగేసుకోవడం. నిజం చెబితే తను నిర్దోషి. నిజం చెబితే అన్న చెల్లెలి క్షమాపణ అందకుండానే పోయినవాడవుతాడు, ఇప్పుడు, రెండోసారి. ఇంతకాలం తను న్యాయం అనుకున్నది కూడా ఇలాంటి నిర్దోషిత్వమేనేమో అని ఆమెకు అనిపించింది; తన చేతులు శుభ్రంగా ఉంచుకోవడం.

"పేరు వెయ్యమని ఫోస్కోకు చెప్పింది నేనే," అంది.

ఎల్వియో ఆమె వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి కొండ వైపు చూడసాగాడు.

"మరి ఎందుకు రాలేదు?" నాదియా గొంతులో నెల రోజుల కోపం ఒక్కసారి పైకి వచ్చింది. "గంటన్నర దారి. పేరు పంపడానికి ఉన్న మనసు కాళ్ళకు లేదా?"

"సిగ్గేసింది."

"సిగ్గా? జనం ఏమన్నారో తెలుసా? పెట్టె మొయ్యడానికి రక్తసంబంధం ఒక్కటీ లేదన్నారు. నేను విన్నాను, తల వంచుకుని."

"తప్పు చేశాను వదినా."

"చేశావు."

ఆ మాటకు ఓర్నెల్లా జవాబు వెతకలేదు. చెయ్యని తప్పును ఒప్పుకుంటున్నానని అనుకుంది మొదట. రెండు గుటకలు మంచినీళ్ళు తాగేసరికి అది అంత కచ్చితంగా తోచలేదు.

"ఆ నీలం చొక్కా," అంది, "అమ్మ ఇస్త్రీ చేసిందే కదూ?"

"నీకిప్పుడు తెలిసిందా? ఆవిడ నిలబడలేక కుర్చీ వేయించుకుంది. ఇస్త్రీపెట్టె వేడి చేసిచ్చింది నేనే." నాదియా రొట్టె కోస్తూ ఆగింది. "'నేను పోయినా సరే వాణ్ణి పరుగు ఆపనివ్వకు' అంది. వాడు నీకా మాట చెప్పలేదు. అమ్మను అడ్డం పెట్టుకోవడం ఇష్టం లేదన్నాడు."

ఓర్నెల్లా రెండు చేతులూ బల్ల మీద చాపి పెట్టుకుంది. కాసేపు ఆ బల్ల తప్ప ప్రపంచంలో గట్టిది ఏదీ లేదన్నట్టు.

నాదియా మూడు పళ్ళేలు పెట్టింది. "రేపు పూజలో నా పక్కన ముందు వరసలో కూర్చో. బయట అందరూ వచ్చి చెయ్యి పట్టుకుంటారు. మొహం మీదే అడుగుతారు, ఇక్కడి వాళ్ళ సంగతి తెలుసుగా. ఏమని చెబుతావు?"

"రాలేకపోయానని."

"చెవులు కొరుక్కుంటారు."

"కొరుక్కోనీ."

ఎల్వియో కిటికీ దగ్గర నుంచి వచ్చాడు. జేబులోంచి గళ్ళ కాగితం తీసి, దాన్ని రాయని వైపుకు తిప్పి, బల్ల మీద పరిచాడు.

"పదకొండింటికే కదా పూజ," అన్నాడు నాదియాతో. "ఎన్నింటికి బయల్దేరుదాం?"