వారం మానేసి రండి

ఆ మంగళవారం అత్తగారికి సెలవు. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే చేతులకు సెలవు రోజున కూడా తోచదు కాబట్టి, పదకొండు గంటలవేళ బట్టలు నానబెడదామని స్నానాలగది తలుపు తోసింది. సగమే తెరుచుకుంది. అవతల కోడలు నేలమీద పడి ఉంది. పెదవులు సిరా పూసినట్టు నీలంగా ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి గొంతులోంచి గురకలాంటి చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం.

అంబులెన్సులో వచ్చినావిడ ముక్కులో ఏదో మందు కొట్టింది. కదలిక లేకపోతే ఇంకోసారి కొట్టింది. కోడలు ఎగశ్వాస తీసి, కళ్ళు తెరిచి, భళ్ళున వాంతి చేసుకుంది.

"ఏం వేసుకుంటోంది?" అని అడిగింది అంబులెన్సావిడ.

"నడుం నొప్పికి బిళ్ళలమ్మా, అంతే."

"అంతే కాదు పెద్దమ్మా. ఫెంటనిల్, చాలా ఘాటైన మత్తుమందు. బిళ్ళలో ఎంత కలిపారో అమ్మినవాడికే తెలీదు."

ఆ పేరు అత్తగారికి కొత్త కాదు. రెండేళ్ళ కిందట గిడ్డంగిలో పెట్టె మీదపడి కోడలు నడుం దెబ్బతిన్నప్పుడు, కంపెనీ డాక్టరు రాసిచ్చిన నొప్పి పట్టీల మీద ఉన్న పేరే అది. మూడు రోజులకొకటి చొప్పున పద్నాలుగు నెలలు భుజానికి అంటించారు. తర్వాత ఒక శుక్రవారం, "కంపెనీవాళ్ళు నీ దెబ్బ కేసు మూసేశారు, ఇక పట్టీలు అక్కర్లేదు" అని ఆ డాక్టరే చెప్పాడు. కొద్దికొద్దిగా తగ్గించాలన్న మాటే ఎత్తలేదు. ఏరు దాటాక తెప్ప తగలేశాడనుకోవడానికి కూడా లేదు. నడి ఏట్లోనే తగలేశాడు.

ఆ తర్వాత ఆరు రోజులు కోడలు చెమటలు, వాంతులు, కాళ్ళు కొట్టుకోవడంతో మంచం మీద విలవిల్లాడింది. జ్వరమనుకున్నారు. ఏడో రోజున ఎలాగో పనికి పోతే గిడ్డంగి గేటు దగ్గర ఎవడో బిళ్ళలిచ్చాడు. లేచి కూర్చుంది. ఆ లేచి కూర్చోవడం కోసమే ఆనాటి నుంచి మింగుతూ వచ్చింది. పట్టపగలు ముసుగుతన్ని పడుకుంటోందని అత్తగారు పక్కింటివాళ్ళతో ఎన్నిసార్లు ఆడిపోసుకుందో!

సాయంత్రం ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాక కొడుకు తేల్చేశాడు. "పుట్టింటికి పంపించేద్దామమ్మా. ఏడాదిగా నాతో అబద్ధాలే ఆడింది."

"నడుం విరగ్గొట్టుకుంది పుట్టింట్లోనా?" అంది అత్తగారు. "నువ్వు పనిలేక కూర్చున్న ఏడాది ఈ ఇల్లు నడిపింది ఎవర్రా? ఆ నడుమేగా! నోర్మూసుకుని రేపు దాన్ని వైద్యానికి బండెక్కించు."

ఆసుపత్రివాళ్ళు చేతిలో పెట్టిన కాగితంలో మొదటి పేరు మత్తు మాన్పించే ఒక పెద్ద చికిత్సా కేంద్రానిది. అద్దాల తలుపు, చేపల తొట్టి, మెత్తటి సోఫాలు. కౌంటరులోని కుర్రది తల ఎత్తకుండానే చెప్పింది.

"వారం పూర్తిగా మానేసి రండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే చేర్చుకుంటాం."

"మానగలిగితే నీ దగ్గరకెందుకమ్మా వస్తాం?"

"రూల్సండీ."

"పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది మీ రూలు! నిన్న ఊపిరాగిపోయింది దీనికి. ఈ వారంలో మళ్ళీ ఆగితే ఎవరిని తీసుకురమ్మంటావు?"

సోఫాలోంచి ఒక పెద్దమనిషి గొణిగాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

అత్తగారు గిర్రున తిరిగింది. "అది తొక్కలేదయ్యా! చెయ్యి పట్టుకుని డాక్టరే దించాడు. దించినవాడికి జీతం, దిగినదానికి నీతులా?"

పెద్దమనిషి పత్రికలో తల దాచుకున్నాడు. కోడలు కొంగు పట్టి లాగుతూ, "పోదాం అత్తయ్యా, పరువు పోతోంది" అంది.

"పోనీ. ప్రాణం కన్నా ఎక్కువా?"

వరండాలో నేల తుడుస్తున్న మనిషి వెనకాలే వచ్చి అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. "ఇక్కడ కాదక్కా. బస్సు డిపో వెనక టైర్ల కొట్టు మీద చిన్న క్లినిక్కుంది. మా తమ్ముడు అక్కడే బాగుపడ్డాడు." ఆ క్లినిక్కు పేరు ఆసుపత్రి కాగితంలో లేనేలేదు. నేల తుడిచేవాళ్ళకు తెలిసినది చదువుకున్నవాళ్ళకు ఎందుకు తెలియదో అనుకుంటే అత్తగారికి మళ్ళీ ఒళ్ళు మండింది.

టైర్ల కొట్టు మీద ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నర్సు. ఆవిడ అత్తగారితో కాకుండా కోడలితోనే మాట్లాడింది, మీరు అంటూ. "చివరిసారి ఎప్పుడు వేసుకున్నారండీ?"

"ఇవాళ పొద్దున్నే." కోడలు తల దించుకుంది.

"నిజం చెప్పారు, మంచిది. నాలుక కింద పెట్టుకునే మందిస్తాం. కానీ ఇప్పుడే కాదు, రేపు రండి."

"ఇక్కడా అదే పాటా!" అత్తగారి కేకకు కింద టైర్ల కొట్టువాడు పైకి చూశాడు.

"కాదమ్మా, వినండి. ఒంట్లో ఆ మత్తు ఉండగా ఈ మందు పడితే బాధలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మత్తు దిగి ఒళ్ళు తిప్పడం గట్టిగా మొదలయ్యాకే ఇవ్వాలి. ఆలోపు భరించలేకపోతే ఏ వేళైనా ఫోన్ చెయ్యండి." ముక్కులో కొట్టే మందు రెండు డబ్బాలిచ్చి, ఎలా వాడాలో అత్తగారి చేతే చేయించి చూపించింది.

మర్నాడు కోడలు ముడుచుకుపోయి, పళ్ళు కటకటలాడిస్తూ మెట్లెక్కింది. నాలుక కింద బిళ్ళ పెట్టారు. గంటకు ఇంకొకటి. కొట్టుకుంటున్న కాళ్ళు మెల్లగా నిలిచాయి. మధ్యాహ్నానికి, "అత్తయ్యా, ఆకలేస్తోంది" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న అత్తగారు టైర్ల కొట్టు మెట్ల మీద కూర్చుని బోరుమంది.

అంతటితో తీరిపోలేదు. మూడో నెలలో కోడలు ఒకసారి మళ్ళీ గేటు దగ్గరి బిళ్ళ కొనుక్కుంది. తనంతట తనే వచ్చి చెప్పింది. అత్తగారు తిట్టు మింగేసి చెప్పులేసుకుంది. ఇద్దరూ క్లినిక్కుకు నడిచారు. నర్సు తరిమెయ్యలేదు, మందు మోతాదు పెంచింది. కంపెనీ డాక్టరు మీద ఇచ్చిన ఫిర్యాదుకు మాత్రం "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క వచ్చింది. ఆయన ఇప్పటికీ అదే గదిలో, అదే కుర్చీలో పట్టీలు రాస్తూనే ఉన్నాడు.

ఏడాది తిరిగింది. కోడలు ఒక బట్టల కొట్టులో కౌంటరు దగ్గర కూర్చుంటోంది. ఒక ఆదివారం అన్నాల దగ్గర కొడుకు గొణిగాడు. "ఇంకెన్నాళ్ళు ఆ మందు? ఒక మత్తు పోయి ఇంకో మత్తు."

అత్తగారు గరిటె దించి నోరు తెరవబోయింది. ఈలోపే కోడలు అంది, గొంతు పెంచకుండా.

"నాకు కావలసినన్నాళ్ళు. మత్తేంటో నాకు తెలుసు, నీకు తెలీదు. ఇంకోసారి ఆ మాటన్నావంటే పుట్టింటికి పోయేది నేను కాదు, నువ్వు ఎక్కడికి పోతావో చూసుకో."

కొడుకు తల్లి వంక చూశాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు కోడలి కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.