దంతాలపల్లి హాజరు

మా తమ్ముడు విద్యాసాగర్ పోయిన రోజు పొద్దున, వాడి గదిలో రేడియో పెట్టేవాళ్లు లేరు. వాణ్ని వరండాలో పడుకోబెట్టాం. బంధువులింకా దిగలేదు. రోజూ ఆ వేళకు కిటికీలోంచి వాడి గొంతు వీధిలోకి వినబడేది. పాలు పోసే పోశయ్య గేటు దగ్గర ఆగి, "సాగర్ సారు ఇయ్యాల హాజరు తీస్తలేడేంది?" అని అడిగాడు. తర్వాత వరండా వైపు చూసి సైకిలు దిగాడు.

సాగర్ జనగామ స్టేషన్‌లో తంతి గుమాస్తా. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతబడి వాడికి ఒక సంవత్సరం పోయింది. ఊరికే తిరగవద్దని నేనే వాణ్ని స్టేషన్‌లో తెలిసినాయన పక్కన కూర్చోబెట్టాను. టక్కుటక్కుమనే మోర్సు తంతి భాష వాడికి అక్కడ అంటుకుంది. ఉద్యోగం వచ్చాక పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ లైసెన్సు ఉన్నవాళ్లు ఇంట్లో తాము చేసుకున్న సెట్టుతో ఇతర ఊళ్లలోని తమలాంటివాళ్లతో మాట్లాడవచ్చు. మేడ మీద నుంచి పాత రైలుపట్టా స్తంభం దాకా ఒక రాగి తీగ కట్టాడు. కోతులు దాని మీద ఊగి తెంపిన రోజున మాత్రం వాడు మూగవాడే.

కొన్నాళ్లకు వాడి గది ఒక రచ్చబండ అయింది. విజయవాడ, హైదరాబాదు, ఒంగోలు, దంతాలపల్లి నుంచి పొద్దున్నే అందరూ రేడియోలోనే అక్కడ కలిసేవారు. వాడు ఒక్కో ఊరిపేరు పిలిచేవాడు, ఆ ఊరివాళ్లు "హాజర్" అని పలికి తమ ముచ్చట చెప్పేవారు. ఆ పద్ధతి బళ్లో నేను పాఠం చెప్పే తరగతి నుంచి తీసుకున్నదే. నేను వెనక బెంచీ నుంచి హాజరు తీస్తాను. గోల పెరగకముందే మెల్లగా పలికే పిల్లల గొంతు వినాలని. రేడియోలోనూ అంతేనట. పొద్దెక్కేకొద్దీ గాలిలో మాటలు ఎక్కువై చిన్న సెట్లు వాటి కింద మునిగిపోతాయి. అందుకని సాగర్ అన్నిటికన్నా బలహీనమైన సెట్టును ముందు పిలిచేవాడు. అది దంతాలపల్లి జమాల్‌ది.

జమాల్‌కు పోలియో వల్ల కాళ్లు రెండూ పనిచేయవు. మంచం మీద కూర్చునే ఊరివాళ్ల రేడియోలు బాగుచేస్తాడు. అతని సెట్టు మా ఇంటిదాకా వస్తుంది, అంతకు మించి పోదు. అతనన్న మాటను సాగర్ తిరిగి చెబితేనే మిగిలినవాళ్లకు తెలిసేది. వాళ్ల మాటలు మాత్రం అతనికి నేరుగా వినబడేవి.

దినాలు అయ్యాక ఒక పొద్దున నేను సాగర్ గదిలోకి వెళ్లి, వినే పెట్టె మాత్రం పెట్టాను. విజయవాడ శేషగిరిగారు హాజరు తీస్తున్నారు. సాగర్ వరసలోనే మొదట దంతాలపల్లిని పిలిచారు.

"హాజర్" అన్నాడు జమాల్. పక్క గదిలోంచి పలికినట్టు వినబడింది.

శేషగిరిగారు కాసేపు ఆగారు. "దంతాలపల్లి రాలేదు" అన్నారు. తర్వాతి ఊరిని పిలిచారు.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నేను చాలా ఏళ్లుగా హాజరు తీస్తున్నాను. ఎదుట నిలబడి పలికిన పిల్లవాణ్ని రాలేదని అనడం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నా భార్య రాజమణి గుమ్మంలో నిలబడి వింటోంది. "మీరు విన్నరు గద. మైకు తీసి జమాల్ ఉన్నడు అనుండ్రి. ఒక్క మాటకు ఎవలు పట్టుకుంటరు?"

"నాకు లైసెన్సు లేదు."

"సాగర్ పేరు మీద అనుండ్రి."

ఆ మాట అన్నాక ఆమే వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లింది. నేను మైకు విప్పి బీరువాలో పెట్టాను. లైసెన్సు లేని మాట ఒక్కటి పోయినా మొత్తం హాజరుకే చెడ్డపేరని సాగర్ అనేవాడు. పోయినవాడి పేరు మీద మాట్లాడటం నాకు చేతకాదు కూడా.

ఆదివారం తొర్రూరులో బస్సు మారి దంతాలపల్లి వెళ్లాను. జమాల్ తల్లి మున్నవర్ బేగం తలుపు తీసింది. సాగర్ అన్నను అని చెప్పగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, లోపలికి రమ్మని చేయి చూపింది.

"సార్, నా హాజరు పోతున్నదని ఫిర్యాదు చెయ్యనీకి అమ్మను మీ దగ్గరికి పంపుదామనుకున్న" అన్నాడు జమాల్. నవ్వుదామనుకున్నాడు గాని నవ్వలేకపోయాడు.

"నువ్వు పలుకుడు నేను వింటున్న జమాల్. రోజూ వింటున్న."

అతను చేతిలోని సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. "సాఫ్‌గ వినొస్తుందా?"

"మొత్తం. నిన్న వెనక మేక ఒర్రింది, గా ఒర్రుడు గూడ."

"అది నా మేకనే" అంది మున్నవర్ బేగం. "పొద్దుగాల లేస్తె దానికి పరేషానే."

"నీ మాట వాళ్లకు అందుతలేదని తెలుసు గద. మరి ఎందుకు పలుకుతున్నవు?"

"పిలుస్తున్నరు గద సార్. పిలిస్తే పలకకుంటె ఎట్ల?" కడ్డీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "రాలేదు అంటరు చూడుండ్రి, గా మాట మాత్రం జర కష్టమైతది. నేను ఏడికి పోత సార్? ఈ మంచం మీదనే ఉంట."

సెట్టు పెద్దది చేసుకోరాదా అని అడిగాను. తన లైసెన్సుకు ఇంత బలమే ఇస్తారని చెప్పాడు. తర్వాత నన్ను చూస్తూ, "మీరు లైసెన్సు పరీక్ష రాయిండ్రి సార్. నా మాట మీరే అందరికి చెప్పొచ్చు" అన్నాడు.

"ఈ వయసులనా?"

"వయసుదేముందని పిల్లలకు మీరే చెప్తరు గద."

మున్నవర్ బేగం చాయ్ తెచ్చింది. సాగర్ పక్కన విని నాకు పట్టుబడ్డ మోర్సును ఆ సాసరు మీదే చెంచాతో కొట్టించాడు. నేను కొడుతుంటే తల వంచి విన్నాడు. "నల్లబల్ల మీద రాసినట్టుంది సార్. పెద్ద పెద్ద అక్షరాలు, తొందర లేదు."

మర్నాడు పొద్దున దంతాలపల్లిని పిలిచినప్పుడు అతను పలికాడు. "హాజర్. జగపతి సార్, నమస్తే. మేక గూడ హాజర్." ఆ వెంటనే శేషగిరిగారు, "రాలేదు" అన్నారు. అప్పటి నుంచి ఆ నమస్తే ఒక్క రోజూ తప్పలేదు.

కొన్నాళ్లకు శేషగిరిగారు హైదరాబాదు నుంచి తిరిగి వెళ్తూ, పలకరించడానికి జనగామలో దిగారు. "మీ తమ్ముడు నాది సినిమా భాష అనేవాడండీ. 'హాజర్' అనే మీది కోర్టు భాష అని నేను అనేవాణ్ని. రోజూ ఇదే గొడవ మాకు" అన్నారు సాగర్ ఫొటో ముందు నిలబడి. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండమన్నాను. పొద్దున ఆయన్ను గదిలోకి తీసుకువెళ్లాను. నేను ఏమీ చెప్పలేదు. వినే పెట్టె పెట్టాను.

ఆ రోజు హాజరు తీస్తున్నది హైదరాబాదు మిత్రుడు. దంతాలపల్లిని పిలిచాడు. "హాజర్. జగపతి సార్, నమస్తే" అన్నాడు జమాల్. "దంతాలపల్లి రాలేదు" అన్నాడు మిత్రుడు.

శేషగిరిగారు ఒక చేత్తో బల్ల అంచు పట్టుకున్నారు.

"రోజూ ఇలాగే పలుకుతున్నాడా?"

"రోజూ."

"సాగర్ పోయాక ఆ కుర్రాడు మానేశాడనుకున్నాను మాస్టారూ. నేనూ ఇలాగే అన్నాను. అతనికి వినబడుతూనే ఉంటుంది కదా."

ఆయన చేయి సెట్టు దాకా వెళ్లి ఆగింది. తన లైసెన్సు తన ఇంటికే చెల్లుతుందని మెల్లగా అన్నారు. బండి వచ్చే వేళకు నేను ఆయన్ను స్టేషన్‌లో దిగబెట్టాను. సాగర్ కూర్చునే కిటికీ ముందు ఆయన కాసేపు నిలబడ్డారు.

విజయవాడ చేరిన మర్నాడు హాజరు ఆయనే తీశారు. మొదట దంతాలపల్లిని పిలిచారు. జమాల్ పలికి, ముచ్చట మొత్తం చెప్పేంతసేపు ఆగారు. "దంతాలపల్లి ఉన్నాడు. మాకు వినబడలేదు" అన్నారు. ఇప్పుడు అందరూ అట్లాగే అంటున్నారు. జమాల్ మాత్రం ఏం చెప్పాడో వాళ్లెవరికీ తెలియదు. మొన్న తల్లికి జ్వరమన్నాడు. నిన్న తగ్గిందన్నాడు. విన్నది నేనొక్కణ్నే.

పరీక్షకు హైదరాబాదు వెళ్లాను. రాత భాగం బాగానే అయింది. మోర్సు విని రాసే భాగంలో, వినిపించినాయన కొట్టే తీరు సాగర్ చెయ్యిలాగే ఉంది. రెండో మాట దగ్గర నా పెన్సిల్ ఆగింది. మిగతాది రాయలేదు. మళ్లీ వెళ్లాలి.

మైకు బీరువాలోనే ఉంది. జమాల్ నమస్తేకు నేనింకా జవాబు చెప్పలేదు.