కిటికీ అరుగు మీది ఎండ

పెద్దకోడలు పొద్దున లేవగానే చేసే మొదటి పని గోడలు తుడవడం. ఆవిడ ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు. సొంతిల్లు మాత్రం ఎప్పటికైనా అమ్మేదే కదా అని గోడకి ఒక్క మేకు కొట్టనివ్వలేదు. ఆ ఇంట్లో క్యాలెండరు కుర్చీలో కూర్చునేది, మనుషులు నిలబడేవాళ్ళు.

పక్కిల్లు తోడికోడలిది. ఆ చిన్నదానికి ముందుచూపు లేదు. పడగ్గదిలో బీరువా పీకేయించి, పడమటి కిటికీ కింద చెక్క అరుగు వేయించుకుంది. తన పొట్టి కాళ్ళు నేలకి ఆనేలా, మరీ కిందకి.

"ఇలాంటి ఇల్లు ఎవడు కొంటాడే?" అంది పెద్దకోడలు.

"అమ్మితే కదక్కా! కూర్చుని టీ తాగుదామని."

చిక్కంతా ఆ టీ దగ్గరే వచ్చింది. సాయంత్రపు ఎండ ఆ అరుగెక్కి కూర్చుంటే, చిన్నకోడలు కప్పు ఖాళీ చేసేదాకా దిగేది కాదు. వీధిదీపాలు వెలిగినా సరే. ఇరుగుపొరుగువాళ్ళు ఆరని బట్టలు తెచ్చి ఆ గదిలో వేసి, "కాస్త నెమ్మదిగా తాగమ్మా" అని చెప్పి పోయేవాళ్ళు.

పెద్దకోడలికి కడుపు మండిపోయింది. తనకీ పడమటి కిటికీ ఉంది, సూర్యుడూ ఒక్కడే. తన గదిలో ఎండ మాత్రం వేళ కాగానే ఆఫీసు గుమాస్తాలా లేచిపోయేది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, అదే వడ్రంగిని పిలిపించి, అదే చెక్కతో, అదే కొలతకి అరుగు వేయించింది. రేపు కొనేవాళ్ళకి చూపించుకోవచ్చు కూడాను. మరకలు పడతాయని దాని మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, పక్కన నిలబడి టీ తాగింది. ఎండ ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. ఆ తోడికోడలి పక్కన బతకడమే వద్దనుకుని ఇల్లు అమ్మకానికి పెట్టేసింది.

ఇల్లు చూడ్డానికి రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చింది. గోడలు చూడలేదు, పంపులు తిప్పలేదు. కాగితం లాగి పక్కన పడేసి, అరుగు మీద చతికిలబడి, "అబ్బ, ప్రాణానికి ఎంత హాయిగా ఉందమ్మా!" అంది. గోడ దిగి వెళ్ళిపోతున్న ఎండ వెనక్కి తిరిగొచ్చి ఆవిడ ఒళ్ళో సర్దుకుంది.

తోడికోడలిని చూసి కూడా ఎన్నడూ అంత ఏడవలేదు పెద్దకోడలు. ఎవరో దారినపోయే మనిషి, తన ఇంట్లో, తన అరుగు మీద, తన ఎండతో!

"మీరు అడిగినంతా ఇస్తాను," అంది టీచరమ్మ.

"లేవండి. ఈ ఇల్లు అమ్మడం లేదు."

మర్నాడే వడ్రంగి వచ్చాడు.

"ఈ అరుగు మీద కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఎత్తు పెంచు."

"మరీ ఎత్తయితే కొనేవాళ్ళకి నచ్చదేమోనమ్మా."

"కొనేవాళ్ళ మొహం! నా కాళ్ళ కొలత తీసుకో. ఆ చేత్తోనే క్యాలెండరుకి ఒక మేకు కొట్టు."

ఆ సాయంత్రం పెద్దకోడలు ఎత్తయిన అరుగు మీద కూర్చుని, గుక్క గుక్కకీ ఆగుతూ టీ తాగింది. ఎండ మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. పక్కింట్లో మెడదాకా వచ్చే ఉంటుంది, దాని అదృష్టం దానిది. అంతలో గోడ అవతల కప్పు కింద పెట్టిన చప్పుడైంది. ఆ కిటికీలో చీకటి పడింది. ఇక్కడ ఇంకా సగం కప్పు ఉంది. పెద్దకోడలికి ఎంత సంబరమేసిందంటే, అరుగు మీద ఒలికిన టీ తుడవాలని కూడా తోచలేదు.