దస్త్రాల్లో ఎండుమిరపకాయలు

జక్రయ్య మాస్టారి మీద ఆయన భార్య రెబ్కా ఫిర్యాదు చిన్నదే. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి, రాష్ట్రంలోని పాత కాగితాలన్నిటికీ కాపలాదారు! పదకొండేళ్లుగా ఆయన రాష్ట్ర ఆర్కైవ్స్ బోర్డు సభ్యులు. ఎప్పుడో ఎవరో మంత్రిగారు నామినేట్ చేశారు. దింపాలన్న సంగతి ఆ తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు కొత్త చట్టం వస్తోంది. సభ్యులకు మూడేళ్లే గడువు. వాళ్లలో సగంమంది, పాత కాగితాలు భద్రపరిచే చదువు చదివి, దరఖాస్తు పెట్టుకుని రావాలి. అభ్యంతరాలుంటే ఇవాళ సాయంత్రం ఐదులోపు పంపాలి. కుర్చీ కదులుతోందని మాస్టారికి మధ్యాహ్నం అన్నం సహించలేదు.

"అనుభవానికి విలువ లేదా? అది రాయి ముందు," అన్నారు. ఫోన్లో టైపు చేసేది రెబ్కాయే.

"అనుభవమంటే ఏం రాయమంటారు?"

"పురుగు పట్టకుండా దస్త్రాల మూట మూటకీ గుప్పెడు ఎండుమిరపకాయలు పెట్టించిందెవరు? మన గుంటూరు కారం ముందు ఏ పురుగు నిలుస్తుందే?"

"బోర్డులో ఎవరూ కాదనలేదా?"

"నా ముందా!"

రెబ్కా నవ్వు మింగింది. "మిమ్మల్ని వేసిన ఉత్తర్వు జతచెయ్యాలిగా. ఏదీ?"

అది బీరువా మీది ట్రంకుపెట్టెలో, ఓ మూటలో ఉంది. అక్కడా మిరపకాయలే. మూట విప్పగానే మాస్టారు వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుని చూశారు. కాయలు జల్లెడైపోయాయి. ఉత్తర్వూ అంతే. సరిగ్గా ఆయన పేరుండాల్సిన చోట చిల్లు. అందులోంచి గోధుమరంగు పురుగొకటి తీరిగ్గా బయటికొచ్చింది.

"ఎండ చూపించకపోతే మిరపకాయలకే పురుగు పడుతుందండీ. అది కాగితాన్ని వదులుతుందా? అప్పుడే చెప్పాను. వంటింటి సంగతులు ఆఫీసులో పనికిరావన్నారు."

మాస్టారు మంచం అంచున కూలబడ్డారు. "అక్కడ నాలుగు వేల మూటలున్నాయే."

గడియారం నాలుగున్నర కొట్టింది.

"ఏం రాయమంటారు మరి?"

"అభ్యంతరం లేదని రాయి. మూటలన్నీ రేపే విప్పి, మిరపకాయలు తీసెయ్యమను."

"ఎవరు పెట్టించారని అడుగుతారేమో?"

ఆయన ఫ్యాను వంక చూస్తూ గొణిగారు. "నేనే పెట్టించానని రాయి. తప్పు... అదీ..."

"వినపడలేదండీ."

ఎదురింటి నసీమున్నీసా కిటికీ తెరిచి చూసేంత గట్టిగా అరిచారు మాస్టారు.

"తప్పు నాదేనే, నాదే!"