సెకన్ల ముల్లు లేని వాచీ

ఫ్యాను ఆపడమే ఆ ఇంట్లో పెద్ద నేరం. చిత్తూరులో మే నెల మధ్యాహ్నం, అందరి అన్నాలయినాక, పంకజాక్షి డైనింగ్ టేబుల్ తుడిచిందే తుడిచి స్విచ్ ఆపేది. ఆపగానే లోపల్నుంచి అత్త వరదమ్మ ఎత్తుకునేది. "మనం ఉడికి సస్తాంటే ఈమెకేమో బొమ్మలాట." ఏం చేస్తుంది పాపం, ఫ్యాను తిరిగితే ఆవగింజలో సగం లేని వాచీ మరలు ఎగిరిపోతాయి, దుమ్మొచ్చి డయలు మీద కూర్చుంటుంది. వంటిల్లు, బ్యాంకు కౌంటరు, మళ్ళీ వంటిల్లు. వీటి మధ్య ఆమెకు మిగిలేది ఆదివారం ఆ కాస్త పొద్దే. దానికీ సంజాయిషీ చెప్పుకోవాల.

అంతా ఫోనులో చూసిన ఒక వాచీతో మొదలైంది. ఏదో విదేశీ కంపెనీది. తెల్లటి ముఖం, సన్నటి రెండే ముళ్ళు, సెకన్ల ముల్లు కూడా లేదు. కొనే మాట దేవుడెరుగు, అట్లాంటిది నేనే ఎందుకు చేసుకోకూడదు అనుకునింది. లోపలి యంత్రం ఒకచోట, కేసు ఒకచోట, పేరు లేని డయలు ఇంకోచోట నుంచి తెప్పించుకునింది. భర్త మునిప్రసాద్ పడిపడి నవ్వినాడు. "పప్పులో ఉప్పు సరిగ్గా వేసేది రాదు, వాచీ చేస్తాదంట." ఆ మాట తను పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూడా చెప్పి అందర్నీ నవ్వించినాడు. ఆమె మాత్రం వంగిపోయిన ముల్లు పక్కన పెట్టి ఇంకోటి తెప్పించుకునింది.

ఒక ఆదివారం ముళ్ళు ఎక్కించి, వెనక మూత బిగించే ముందు కీ ఇచ్చింది. లోపల చిన్న చక్రం ఉలిక్కిపడి అటూ ఇటూ ఆడడం మొదలుపెట్టింది. చెయ్యి తీసేసినా ఆడుతూనే ఉంది. అబ్బ, ఇవి తన చేతులేనా? గిన్నెలు తోమితోమి గోళ్ళరిగిపోయిన చేతులకు ఇంత నిదానం ఎప్పుడొచ్చింది? ఈ ఇంట్లో తను చేసేదేదీ సాయంత్రానికి మిగలదు. వండింది తినేస్తారు, ఉతికింది మాపేస్తారు, ఊడ్చిన చోటే మళ్ళీ తొక్కుతారు. ఇదొక్కటి నిలిచింది. దాన్ని చూస్తా చూస్తా టీ పెట్టే సంగతే మర్చిపోయింది.

ఆ శుక్రవారం పొద్దున కీ ఇచ్చి, స్నానం చేసి వచ్చేసరికి అల్మారాలో వాచీ లేదు. "ముల్లు కదల్లేదు. ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉంటే అరిష్టం కాదా? చెత్తబండోడికని గేటు గోడమీద పెట్టినా" అనింది వరదమ్మ. సెకన్ల ముల్లు లేని వాచీ నడుస్తున్నా నిలబడినట్టే కనిపిస్తుందని ఆమెకెట్లా తెలుస్తుంది? పంకజాక్షి తడి జుట్టుతోనే పరిగెత్తి దాన్ని తెచ్చి అత్త చెవికి ఆనించింది.

కసరబోయిన వరదమ్మ నోరు అట్లే ఆగింది. "కొట్టుకుంటాండాది కదే" అనింది, గొంతు బాగా తగ్గించి. "దీంట్లో ఈ చప్పుడు నువ్వు పెట్టినదేనా?"

"నేనే అత్తా."

ముసలామె రెండో చెవికీ పెట్టించుకునింది. సరిగ్గా వినబడలేదేమో, తనే పోయి ఫ్యాను ఆపి వచ్చింది.

ఇదంతా చూస్తున్న మునిప్రసాద్ వాచీ అందుకునినాడు. ఈసారి నవ్వలేదు. చేతికి కట్టుకుని అద్దం ముందు తిప్పి చూసుకునినాడు. "ఆదివారం తిరుపతిలో మా ఓనరు కొడుకు పెండ్లి. దీనిమీద ఆ ఫారిన్ కంపెనీ పేరొకటి వేయిస్తా, తెలిసినోడుండాడు. అసలుదంటే ఎవుడూ కాదనడు. నువ్వు చేసినావని మాత్రం యాడా అనొద్దు."

ఆమె చేసే నాటుకోడి పులుసు చుట్టాల్లో మునిప్రసాద్ ఇంటి పులుసు. ఆమె జీతంతో లేచిన ఇల్లు వీధిలో మునిప్రసాద్ ఇల్లు. అన్నిటికీ సరేలే అనుకునింది. దీనికి మనసొప్పలేదు. అతని మణికట్టు పట్టుకుని, తొందర లేకుండా బకిల్ విప్పింది.

"ఇయ్యనని కాదు. ఎవరైనా ఏ కంపెనీదని అడిగితే, నా పెండ్లాం చేసిందని చెప్తారా?"

మునిప్రసాద్ తల్లి వైపు చూసినాడు. వరదమ్మ వాచీనే చూస్తా ఉంది. అతను ఖాళీ మణికట్టు రుద్దుకునినాడు.

"అయితే ఆ పెండ్లికి నేనే కట్టుకుని వస్తా" అనింది పంకజాక్షి. "అడిగినోళ్ళకు నేనే చెప్పుకుంటా."